బొగ్గుట్టనుండి బొమ్మపట్టణము దాక

ఇల్లందు పట్టణమును చుట్టుప్రక్కల పల్లెలవారు నేటికిని బొగ్గుట్ట యనియే పిలుతురు. ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలపు అడవులు మొదలగు అంచున ఈ యూరు కలదు. 2016లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పటినుండి ఇది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. అచట ఒక సాయంకాలము మేమొక మిత్రుని యింటికి పోయియుంటిమి. వసారాలో మిత్రుని తండ్రి రేడియోలో వార్తలు వినుచుండెను. ఆయన 30 ఏండ్లు భూమి క్రింద బొగ్గు త్రవ్వి విశ్రాంతి గైకొన్నవాడు. లోపలిగదిలో ఆయన మనుమడు కంప్యూటరు తెరకెదురుగా కూర్చుండెను. చూడగా ఆ పిల్లవాడును బొగ్గే త్రవ్వుచుండెను! తెరమీద నల్లని గుట్టలు, వానిని కొరుకు యంత్రములు, బొగ్గును మోసికొనిపోవు బెల్టులు. భోజనమునకు రమ్మని తల్లి మూడుమారులు పిలిచినది. "వస్తున్ననే అమ్మా, ఈ ఒక్క బెల్టు ఏసి వస్త" అని అతడు మూడుమారులును ఒకే బదులు చెప్పెను. ముసలాయన రేడియో గొంతు తగ్గించి మాతో ఇట్లనెను: "మేము బాయిల దిగితే సైరన్ కూసినంక పైకొచ్చేది. వీని బాయికి సైరన్ లేదు."

గనిని అచటివారు బాయి యందురు. ఆయన నవ్వుచునే పలికిన ఆ మాట మమ్ములను ఆలోచింపజేసినది.

ఈ తరగతి ఆటలను ఎరుగనివారికి రెండు మాటలు చెప్పవలెను. కంప్యూటరుపై ఆడు వీడియో ఆటలలో కాల్పుల ఆటలు, పరుగుపందెములు, బంతియాటలు మున్నగునవి అనేకము కలవు. ఊరినో, వలసనో, కర్మాగారమునో కట్టి నడుపు ఆటలు వానిలో ఒక ప్రత్యేక శాఖ. ఇందు ఆటగాడు వీరుడు కాడు, కార్యనిర్వాహకుడు. అతని ముఖ్యశత్రువు రాక్షసుడు కాదు, కొరత. ఇనుము చాలకపోవుట, విద్యుత్తు తగ్గుట, బండ్లు దారిలో నిలిచిపోవుట, జనమునకు ఇండ్లు లేకపోవుట: ఇవియే అతనికి ఎదురగు చిక్కులు. పగలంతయు ఉద్యోగము చేసి అలసివచ్చిన మనిషి రాత్రి తనంత తానుగా ఇట్టి చాకిరిలోనికి మరల ఏల దిగును? దిగినవాడు తెల్లవారువరకు ఏల లేవకుండును? ఈ ప్రశ్నకు సమాధానము ఆటల చరిత్రలో కొంత, ఇల్లందు చరిత్రలో కొంత దొరకునని మా నమ్మకము.

ఇట్టి ముచ్చట మనకు కొత్తది కాదు. మన యిండ్లలోని పాత ఆటలను తలచుకొందము. వైకుంఠపాళిలో అంతయు గవ్వల దయ. నిచ్చెన యెక్కుటయు, పామునోట పడుటయు మన చేతిలో లేవు. వామనగుంటలు అట్టివి కావు. 14 గుంటలలో చింతగింజలు పోసి, ఒక గుంటలోనివి తీసి వరుసగా పంచుకొనుచు పోవలెను. ఎక్కడ గింజలు పోగగునో, ఎక్కడ గుంట ఖాళీ యగునో ముందుగా లెక్కవేసినవారిదే గెలుపు. ఇక పండుగనాటి బొమ్మల కొలువు సంగతి. మెట్లమీద దేవతల బొమ్మలను నిలిపినంతమాత్రమున పిల్లలకు తృప్తి కలుగదు. క్రింద నేలమీద ఒక ఊరు వెలయవలెను. ఆవాలు చల్లి మొలకెత్తించి చేనుగా చూపుదురు. అద్దపుముక్కను పరచి చెరువు చేయుదురు. దాని గట్టున గుడి, గుడిప్రక్క అంగడి, అంగడిముందు కీలుబండి. ఒక చిన్నలోకమును పైనుండి చూచి, లోపమును కనిపెట్టి, సర్దుటలోని సంతోషము మన ముత్తవ్వలకును తెలియును. వామనగుంటలలోని లెక్కయు, బొమ్మల కొలువులోని ఊరును కలిసినచో ఏర్పడు ఆటయే నేటి యీ ఆట.

కంప్యూటరుపై ఈ శాఖకు తొలిమొలక ఒక బడిపంతులమ్మ చేతిలో పుట్టినది. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో మేబెల్ ఆడిస్ అను ఉపాధ్యాయిని ఐ.బి.ఎం. సంస్థవారి సహాయముతో 1964లో "సుమేరియన్ గేమ్" అను పాఠమువంటి ఆటను రచించినది. అందు విద్యార్థి ప్రాచీన సుమేరు దేశపు నగరమునకు పాలకుడు. పండిన ధాన్యములో తినుటకెంత, విత్తుటకెంత, నిలువకెంత యని అతడు నిర్ణయింపవలెను. యంత్రము కాగితముమీద అచ్చుకొట్టి ఫలితము చెప్పెడిది. నాలుగేండ్ల తరువాత 1968లో డగ్ డైమెంట్ అనునతడు ఆ పోలికతో ఒక చిన్న ఆట వ్రాసెను. అదియే "హమురాబి" యను పేర దేశదేశముల కంప్యూటరు విద్యార్థులకు పరిచితమైనది.

తరువాత వచ్చిన పెద్దమలుపు ఒక యుద్ధపుటాటనుండి వచ్చుట విచిత్రము. విల్ రైట్ అను అమెరికను రచయిత 1984లో హెలికాప్టరుతో దీవులపై బాంబులు వేయు ఆట నొకదానిని తయారుచేసెను. ఆ దీవులలో దారులను, కట్టడములను అమర్చుటకై తనకొరకు ఒక పనిముట్టును చేసికొనెను. వానిని కూల్చుటకంటె కట్టుటయే తనకు ఎక్కువ వేడుకగా నున్నదని అతడు గ్రహించెను. జే ఫారెస్టర్ అను ఆచార్యుడు 1969లో నగరముల పెరుగుదల తరుగుదలలను గణితసూత్రములలో నిమిడ్చి వ్రాసిన గ్రంథమును కూడ చదివెను. వీని ఫలితముగా 1989లో "సిమ్ సిటీ" వెలువడినది. అందు గెలుపునకు ఒక గీటు లేదు. ఊరు నడచుచున్నంతకాలము ఆటయు నడచుచునే యుండును.

ఆ 1989కి 100 సంవత్సరములకు పూర్వము, 1889లో, ఇల్లందులో బొగ్గు త్రవ్వకము మొదలైనది.

భద్రాచలయాత్రకు పోవువారు దారిలో వంట చేసికొనుచు నల్లరాళ్ళను పొయ్యిరాళ్ళుగా పెట్టగా అవి అంటుకొని మండినవని ఆ ప్రాంతమున ఒక కథ చెప్పుకొందురు. కథ యెట్లున్నను, 1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గుపొరలను కనుగొనెను. అక్కడి పొరలలో ఒకదానికి కింగ్ పొర యనియు, వేరొకదానికి క్వీన్ పొర యనియు పేర్లు కలవు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాదు దక్కను కంపెనీ ఈ గనుల హక్కులను సంపాదించినది. త్రవ్వకము సాగకమునుపే వాటాల వ్యవహారము రచ్చకెక్కి, 1888లో బ్రిటిషు పార్లమెంటు విచారణసంఘమును నియమించినది. బొగ్గుకంటె ముందు కాగితములు కదలినవన్నమాట. నిజాము రైలుమార్గము వరంగల్లు, డోర్నకల్లుల మీదుగా 1889లో బెజవాడకు చేరినది. డోర్నకల్లునుండి ఒక శాఖ గనులచెంతకు వచ్చినది. రైలు లేనిదే బొగ్గు కదలదు. బొగ్గు లేనిదే రైలు కదలదు. గనులు ఇల్లందులో నున్నను సమీపగ్రామమైన సింగరేణి పేరే వానికి స్థిరపడినది. 1920 డిసెంబరు 23న ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరునే ధరించినది. 1945లో హైదరాబాదు రాజ్యము అధికభాగము వాటాలను కొనినది. 1960లో కేంద్రప్రభుత్వము భాగస్వామి యైనది. నేడు తెలంగాణ రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 పాళ్ళు.

ఇది కంపెనీ చరిత్ర. గని లోపల జరుగు పనిని చూచినగాని మన ప్రశ్నకు సమాధానము దొరకదు. భూమిలోనికి వాలుగా ఒక దారి త్రవ్వి పొరను చేరుదురు. పొర నంతను ఒక్కసారి తీసివేసినచో కప్పు కూలును. కావున గదులు గదులుగా త్రవ్వుచు మధ్య బొగ్గునే స్తంభములుగా విడుతురు. ఆ స్తంభములను కడపట వెనుకకు మరలుచు తీయుదురు. లోతు పెరిగినకొలది నీరు ఊరును, దానికి పంపులు కావలెను. లోపల గాలి చెడును, దానికి పంకా కావలెను. త్రవ్విన బొగ్గును టబ్బులలో నింపి త్రాటితో పైకి లాగవలెను. త్రాడు నెమ్మదించినచో టబ్బులు లోపల నిలిచిపోవును, టబ్బులు లేనిచో త్రవ్వువాడు చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. పైకి వచ్చిన బొగ్గునకు వ్యాగనులు రానిచో కుప్పలు పేరుకొనును. ఆవిరియంత్రముల కాలమున ఈ పంపులను, త్రాళ్ళను నడుపుటకు గని తన బొగ్గును తానే కొంత తినెడిది. ఒక కొరతను తీర్చినంతనే దాని వెనుకనున్న మరియొక కొరత బయటపడుచుండును. గొలుసు బలము దాని బలహీనపు కొక్కెమంతయే.

ఈ గొలుసునే ఆటగా మార్చినది "ఫ్యాక్టోరియో". చెకోస్లోవేకియా విడిపోయి యేర్పడిన చెక్ దేశపు రాజధాని ప్రాగ్ నగరమున ఒక చిన్న బృందము దీనిని తయారుచేయగా, 2020లో దీని పూర్ణరూపము వెలువడినది. ఎరుగని గ్రహముమీద ఒంటరిగా పడిన ఆటగాడు మొదట చేతితో రాయిని, బొగ్గును, ఇనుపఖనిజమును త్రవ్వును. పిదప బొగ్గుతో నడచు త్రవ్వుడు యంత్రము చేసికొనును. బొగ్గు త్రవ్వుటకే బొగ్గు కావలెను! అటుపై కొలుములు, బెల్టులు, విద్యుత్తు, రైళ్ళు. తుదకు ఆకాశమునకు రాకెట్టును పంపవలెను. దీనికి చాలముందే, 1994లో క్రిస్ సాయర్ అను స్కాట్లండు రచయిత చేసిన "ట్రాన్స్‌పోర్ట్ టైకూన్" అను ఆటలో కొత్త ఆటగాడు తరచుగా వేయు తొలిరైలు బొగ్గుగనినుండి విద్యుత్కేంద్రమునకే. ఇల్లందు, కొత్తగూడెము, పాల్వంచ దారులు ఎరిగినవారికి ఇది పరిచితమైన పటమే.

ఇంతకును ఈ ఆటలు మనిషిని ఏల పట్టివేయుచున్నవి? మాకు మూడు కారణములు తోచినవి.

ఒకటి: ఇందు ప్రతి లోపమునకును కారణము దొరకును. లోకములో మన కష్టములకు కారణమెవ్వరో తరచుగా తెలియదు. దరఖాస్తు ఎక్కడ నిలిచినదో, జీతము ఏల ఆగినదో చెప్పువారుండరు. ఆటలో బెల్టు వెంబడి చూచుకొనుచు పోయినచో ఆగినచోటు కంటబడును. దానిని మన చేతితోనే సరిచేయవచ్చును.

రెండు: చేయవలసినది ఎల్లప్పుడును చిన్నది, చేరువలోనిది. "ఈ ఒక్క బెల్టు" అను మాట అబద్ధము కాదు. కాని దానిని వేసిన క్షణముననే వేరొక బెల్టు చాలకుండుట కనబడును. పెద్దకథకు ముగింపు కలదు. ఈ పనికి ముగింపు లేదు.

మూడవది అన్నిటికంటె బలమైనది: ఆటగాడు మొత్తమును ఒక్కచూపున చూచును. ఇల్లందు గనిలో మొత్తమును చూచినవాడెవ్వడు? బొగ్గు కొట్టువాడు దీపపు వెలుగులో తన ముందరి గోడను చూచెను. త్రాటిదగ్గరివాడు త్రాటిని చూచెను. గుమాస్తా మస్టరు పుస్తకమును చూచెను. ఇంగ్లండులోని వాటాదారు లాభపు అంకెను చూచెను. వేలమంది చేతులతో నడచిన ఆ గొలుసు ఏ ఒక్కని కంటికిని పూర్తిగా కనబడలేదు. 30 ఏండ్లు దానిలో ఒక కొక్కెముగా నున్న తాతకు దక్కని దృశ్యము మనుమనికి తెరపై దక్కినది. దానిని విడిచి అన్నమునకు లేచుట తేలిక కాదు. ఈ కోరికను మేము తప్పుపట్టజాలము. అది తెలివిగల కోరిక.

కాని పైనుండి చూచువానికి కొన్ని కనబడవు. ఫ్యాక్టోరియోలో కర్మాగారపు పొగకు అచటి ప్రాణులు రేగి మీదికి వచ్చును. వానిని చంపి, గోడలు కట్టి, ఆటగాడు తన పని సాగించుకొనును. అవి పురుగులవలె గీయబడినవి కావున మనసు కలుక్కుమనదు. ఇల్లందు అడవిలో గనులకు ముందునుండియు ఉన్నవారు కోయలు. వారికి పోడుచేనులు, వేల్పులు, పండుగలు, తమదైన భాష కలవు. ఖాళీనేల యని పటముమీద రంగు వేసినచోట వారి గూడెములుండెను. ఆటలోని పటమునకు "ముందు" లేదు. నేలకు ఉన్నది.

మనుషుల సంగతియు అట్లే. సింగరేణి ప్రాంతములో కాలనీ యనగా కంపెనీ కార్మికులకు కట్టించిన ఇండ్ల వరుస. గని ముందు పుట్టును, కాలనీ తరువాత పుట్టును. బొగ్గు పైకి వచ్చుటకు యంత్రముతోపాటు మనిషి కావలెననియు, మనిషికి నీరు, వైద్యము, బడి, ఆదివారము కావలెననియు గుర్తించుటకు కాలము పట్టును. ఆ గుర్తింపు తనంత తాను రాలేదు. కార్మికులు సంఘములు పెట్టుకొని అడిగి సాధించుకొనిరి. ఆశ్చర్యమేమనగా ఆటల చరిత్రయు ఈ దారినే నడచినది. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అను సోదరులు 2006లో విడుదల చేసిన "డ్వార్ఫ్ ఫోర్ట్రెస్" లో కొండ త్రవ్వు మరుగుజ్జులకు పేర్లు, స్నేహములు, దుఃఖములు కలవు. టైనన్ సిల్వెస్టర్ రచించి 2018లో పూర్తిచేసిన "రిమ్‌వరల్డ్" లో వలసవాసులకు నిద్ర చాలకున్నను, ఆప్తుడు చనిపోయినను మనసు విరిగి పని మానుదురు. వారిని అంకెలుగా చూచిన ఆటగాని ఊరు కూలిపోవును. ఈ ఆటలలో మనుషుల మనసు కూడ గొలుసులో ఒక కొక్కెమని తెలియును.

ఇక్కడ ఒక పాతకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. పోలండు రచయిత స్తానిస్లావ్ లెమ్ 1965లో ప్రకటించిన "సైబెరియాడ్" లో పదవి పోగొట్టుకొన్న ఒక క్రూరప్రభువు కొరకు ఒక నిర్మాత పెట్టెలో బొమ్మరాజ్యమును చేసి యిచ్చును. అందులోని చిన్నప్రజలు బొమ్మలేకదా యని అతని సమర్థన. వారు ఏడ్చుచున్నప్పుడు, వేడుచున్నప్పుడు అది నిజమైన ఏడ్పు కాదని ఎట్లు చెప్పగలవని అతని మిత్రుడు నిలదీయును. సిమ్ సిటీకి ప్రేరణ యిచ్చినవానిలో ఈ కథ యొకటి యని విల్ రైట్ స్వయముగా చెప్పియున్నాడు. తెరమీది ప్రజలకు బాధ లేదు, నిజమే. కాని పెట్టెనుండి తలయెత్తినప్పుడు మనుషులనుకూడ అట్లే చూచు అలవాటు అంటుకొనునేమో యను భయము ఆ కథలో నున్నది. నేటి కార్యాలయములలో అంకెలబల్ల ముందు కూర్చుండి ఊళ్ళను నడుపువారికి ఆ భయము ఆటగానికంటె ఎక్కువగా నుండవలెను.

మరియొక తేడా కలదు. ఆటలో పొర ఖాళీ యైనచో ఆటగాడు యంత్రములను ఊడదీసి వేరొకచోటికి పోవును. మనసు విసిగినచో కొత్తపటము తెరచును. సింగరేణియు కొత్తపొరలు వెదకుకొనుచు కొత్తగూడెము, బెల్లంపల్లి, రామగుండము, భూపాలపల్లి మున్నగు చోట్లకు విస్తరించినది. ప్రధానకార్యాలయము నేడు కొత్తగూడెములో నున్నది. సొరంగపు గనుల స్థానమున పైకప్పు తొలగించి త్రవ్వు ఓపెన్‌కాస్టు గనులు అధికమైనవి. అందు యంత్రము పెద్దది, మనుషులు తక్కువ. బొగ్గు లెక్కలో ఇది లాభమే. కాని ఇల్లందు కొత్తపటమునకు తరలిపోలేదు. అంగళ్ళవారు, బడులు, గుడులు, మసీదులు, చర్చిలు, పింఛనుదారులు అక్కడనే యున్నారు. పొర తరిగినను ఊరు ఊరే. ఆటను ఆర్పివేయవచ్చును, ఊరిని ఆర్పివేయరాదు.

ఇక తాతగారి సైరను మాట. గనిలో దిగినవానికి పని యెప్పుడు ముగియునో నిర్ణయించు హక్కు మొదట యజమానిదే. పిదప చట్టము వచ్చినది. 1952 నాటి గనుల చట్టము భూమి క్రింద పనిచేయువానికి రోజునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని హద్దు గీచినది. సైరను కూత ఆ హద్దునకు గొంతు. అది ఊరంతకును వినబడెడిది. దానినిబట్టి ఇండ్లలో అన్నములు వండుకొనిరి, పిల్లలు బడికి పోయిరి. ఆటకు అట్టి హద్దును ఎవరును గీయలేదు. ఆట వలన జీవితము దెబ్బతినునంతటి వ్యసనమును ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించిన రోగముల పట్టికలో చేర్చినది. అట్లని ఆడు ప్రతివాడును రోగి యనుట అన్యాయము. లోపమును వెదకి సరిచేయు ఓర్పు, ముందుచూపు, లెక్క: ఇవి ఆ పిల్లవాడు నేర్చుకొనుచున్న మంచిగుణములే. అతనికి కావలసినది నిషేధము కాదు, సైరను. దానిని ఇంటివారే కూయవలెను. కూసిన తరువాత ప్రక్కన కూర్చుండి, ఏమి కట్టినావని అడుగవలెను.

ఆ రాత్రి జరిగినది అదియే. ముసలాయన రేడియో ఆపి లోపలికి పోయి మనుమని వెనుక నిలిచెను. కొంతసేపు తెరను చూచెను. "ఈ బెల్టు మీద బొగ్గు ఆగింది సూడు. వెనక కాదు, ముంగట సూడు. పొయ్యి నిండింది" అనెను. పిల్లవాడు చూచెను. నిజమే. అర్ధనిముసములో సరిచేసెను. "నీకెట్ల తెలిసింది తాతా?" అని అడిగెను. "టబ్బులు ఆగితే గంతేగద" అని ఆయన సమాధానము. అటుపై ఆ పిల్లవాడు తెర ఆర్పి అన్నమునకు లేచెను. భోజనములవద్ద గని లోపల గాలి యెట్లు తిరుగునో, కప్పు కూలబోవునప్పుడు దుంగలు ఎట్లు మూలుగునో తాత చెప్పెను. మనుమడు చేయి కడుగుకొనుట మరచి వినుచుండెను.